నేను చేరని తరగతి

మా ఆయన ఎం.ఏ. చదవడానికి వెళ్తానన్నప్పుడు మా సంఘానికి ఇంకా పేరు కూడా లేదు. మార్కాపురంలో దాన్ని అందరూ పలకల షెడ్డు ప్రార్థన అనేవాళ్లు. ఎవరైనా అడిగితే మేమూ అదే చెప్పేవాళ్లం.

ఊరి చివర మూతపడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డు అది. ఒకప్పుడు ఇక్కడ కోసిన రాతిపలకలు ఎక్కడెక్కడి బడిపిల్లల చేతుల్లోకో పోయేవి. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ పక్క కాలనీలో ఉండేవాళ్లంతా ఆ పనిలో వయసు అరగదీసుకున్నవాళ్లే. కొమరోలు, బేస్తవారిపేట పల్లెల నుంచి కూలికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన క్రైస్తవ కుటుంబాలు. ఊళ్లో పాత చర్చి ఉంది, నడిచిపోయేంత దగ్గరే. కానీ అక్కడ ముందు వరుసల్లో టీచర్లు, ఆఫీసు ఉద్యోగులు కూర్చుంటారు. వీళ్లు వెళ్లి గుమ్మం దగ్గర కూర్చుని, ప్రార్థన ముగియకముందే లేచి వచ్చేవాళ్లు. మా ఆయన ఆ కాలనీలో ఇల్లిల్లూ తిరిగి, ముందు ఒకరి వాకిట్లో కూడిక మొదలుపెట్టారు. వాకిలి చాలకపోయాక ఇద్దరం కలిసి షెడ్డు యజమాని దగ్గరికి వెళ్లాం. బజారులో బట్టల దుకాణం నడిపే శెట్టిగారు ఆయన.

"ఆదివారం పూట ఖాళీగా పడుండేదే గదమ్మా. నలుగురు కూచొని దేవుణ్ణి తలుచుకుంటే నాకేంది నష్టం? వాడుకోండి" అన్నారు.

అప్పుడు నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఆదివారం పొద్దున్నే వెళ్లి షెడ్డు ఊడ్చేదాన్ని. ఎంత ఊడ్చినా బూడిదరంగు పొడి ఎక్కడినుంచో రాలుతూనే ఉండేది. తెల్లచీర కట్టుకుని వెళ్లిన ఆడవాళ్లు అంచుకు ఆ పొడి అంటించుకుని ఇంటికి వచ్చేవాళ్లు. దానికెవరూ బాధపడేవాళ్లు కాదు.

మా ఆయనకు చదువు మీద ఉన్న పట్టుదల సంగతి చెప్పాలంటే మా మామగారి గురించి చెప్పాలి. ఆయన సువార్తికుడు. కొమరోలు, గిద్దలూరు పల్లెల్లో ముందు కాలినడకన, తర్వాత సైకిలు మీద తిరిగి ప్రార్థనలు పెట్టిన మనిషి. ఆయన కూడగట్టిన సంఘాలు కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. కానీ పెద్ద చదువు లేదని ఆయనకు పాస్టరుగా అభిషేకం ఇవ్వలేదు. బాప్తిస్మమివ్వాలన్నా, ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వాలన్నా పట్నం నుంచి చదువుకున్న పాస్టరుగారు రావలసిందే. ఆ రోజు మామగారు తాను పెట్టిన సంఘంలోనే పక్కన నిలబడి గిన్నె అందించేవారట.

"మా నాయన గిన్నె పట్టుకోని నిలబడింది నా కళ్లల్లోంచి పోదు. చదువు లేకనే గదా. నేను చదవాల" అనేవారు మా ఆయన.

బైబిలు ట్రైనింగు అయితే అప్పటికే చేశారు. దూరవిద్యలో డిగ్రీ కూడా పూర్తిచేశారు. కోస్తాలో ఒక పట్నంలోని వేదాంత కళాశాలవాళ్లు కొత్త సంఘాలు స్థాపించేవాళ్ల కోసమే రెండేళ్ల పీజీ కోర్సు పెట్టారని తెలిసింది. అక్కడే హాస్టల్లో ఉండి చదవాలి. సీటు వచ్చిందని ఫోను వచ్చిన రోజు ఆయన వంటింటి గడప దగ్గరే కూర్చుండిపోయారు. అంత సంతోషం నేను ఆయన ముఖంలో అంతకు ముందు చూడలేదు.

"మరి షెడ్డు?" అని అడిగాను.

"గిద్దలూరు నుంచి, కంభం నుంచి మా స్నేహితులు వచ్చి వాక్యం చెప్తామన్నారు. మిగతాది నువ్వు చూసుకో. ఎట్లాగూ ఆడోళ్ల కూడిక, పిల్లల పాటలు నువ్వే చూస్తాండావు గదా."

మొదట్లో ఆయన స్నేహితులు వచ్చారు. తర్వాత ఒకరి సంఘంలో పెళ్లి, ఇంకొకరికి జ్వరం. ఒక ఆదివారం గిద్దలూరు నుంచి రావలసిన ఆయన రైలు తప్పిపోయిందని ఫోను చేశారు. అప్పటికే పాటలు అయిపోయాయి. జనమంతా చాపల మీద కూర్చుని నా వైపే చూస్తున్నారు. మా సంఘానికి పెద్దగా ఉండే ముసలాయన డోలక్ పక్కన పెట్టాడు. ఆయన చిన్నప్పటి నుంచి పలకలు కోసిన మనిషి. రాతిపొడి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడయ్యాయి. పాట పాడేటప్పుడు మాత్రం దగ్గు రానిచ్చేవాడు కాదు. పాట అయ్యాక పక్కకు తిరిగి చాలాసేపు దగ్గేవాడు.

"ఇంకేముంది అమ్మగారూ, మీరే చెప్పండి" అన్నాడు.

"నాకేం వచ్చు తాతా?"

"బళ్లో పిల్లలకు చెప్పరా? అట్లనే చెప్పండి."

నేను లేచి, బైబిల్లోంచి ఎడారిలో బిడ్డనెత్తుకుని తిరిగిన ఒక తల్లి కథ చదివాను. తిత్తిలో నీళ్లయిపోతే ఆమె బిడ్డను ఒక పొద కింద వదిలి, వాడు చచ్చిపోవడం చూడలేక దూరంగా వెళ్లి కూర్చుంటుంది. అది చదివాక ఏం చెప్పాలో తెలియక, "మీలో ఎవరైనా ఇట్లా కూర్చున్నారా?" అని అడిగాను. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఒకామె మెల్లగా మొదలుపెట్టింది. బోరులో నీళ్లు పడక, భర్త పురుగుమందు తాగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు తాను వరండాలో గోడ వైపు తిరిగి కూర్చున్న సంగతి. ఆమె తర్వాత ఇంకొకామె. మగవాళ్లలో కూడా ఒకరిద్దరు మాట్లాడారు. ఎండ నెత్తికెక్కేదాకా ఎవరూ లేవలేదు.

ఆ తర్వాత స్నేహితులను పిలవడం క్రమంగా మానేశాం. వాక్యం నేనే చెప్పేదాన్ని. చెప్పడం కంటే అడగడం ఎక్కువ. ఆడమనిషి చెప్తుందని మొదట్లో కొందరు మగవాళ్లు షెడ్డు బయట రాళ్ల గుట్ట మీద కూర్చునేవాళ్లు. వానాకాలం వచ్చాక లోపలికి వచ్చారు. వాన తగ్గినా మళ్లీ బయటికి పోలేదు. త్రిపురాంతకం వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాలు కూడా కొన్ని చేరాయి. రాత్రి పాఠాలు తయారు చేసుకుంటూ, పొద్దున స్కూలుకు పోతూ ఉన్న ఆ రోజుల్లో నేను అలసిపోయినట్టు గుర్తులేదు.

మా ఆయన సెలవులకు వచ్చేవారు. వచ్చినప్పుడల్లా ఆయన మాటల్లో కొత్త పదాలు వినిపించేవి. వ్యూహం, లక్ష్యం, ఎదుగుదల రేటు. గోడకు మా మండలాల మ్యాపు తగిలించి, సంఘం లేని ఊళ్లకు ఎర్రచుక్కలు పెట్టారు. ఆ చుక్కలు చూస్తే నాకూ ఉత్సాహంగానే ఉండేది. ఆయన తెచ్చిన పుస్తకాలు ఆయన పడుకున్నాక తీసి చదివేదాన్ని. ఇంగ్లీషు కొంచెం కష్టమైన చోట ఆయనే నన్ను అడిగేవారు. "ఇది నాకన్నా నీకే బాగా ఎక్కుతాండాది" అని నవ్వేవారు. అందులో ఈర్ష్య లేదు.

రెండో ఏడు కాలేజీ నుంచి ఒక ప్రొఫెసరుగారు వచ్చారు. విద్యార్థులు పనిచేసే సంఘాలను చూసి వెళ్లడం ఆయన పని. మా ఆయన చార్టులు కట్టి అన్నీ వివరించారు. ప్రొఫెసరుగారు ఓపికగా విని, తర్వాత జనం వైపు తిరిగి మాట్లాడించారు. వాళ్లు సిగ్గుపడకుండా జవాబులు చెప్పారు. వాదించారు కూడా. ఆయనకు ఆశ్చర్యం వేసినట్టుంది.

"మీకు ఇట్లా మాట్లాడటం ఎవరు నేర్పారు?" అని అడిగారు.

"మా అమ్మగారు" అన్నాడు ముసలాయన, నన్ను చూపిస్తూ.

మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేస్తూ ప్రొఫెసరుగారు, "అమ్మా, మీకు డిగ్రీ ఉంది కదా. వచ్చే బ్యాచ్‌లో మీరు చేరండి. మా కోర్సులో ఆడవాళ్లు లేరు. మీరు వస్తే మిగతావాళ్లకు మంచిది" అన్నారు.

నేను వడ్డిస్తున్న గరిటె చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన వైపు చూశాను.

"చేరు. నేను వచ్చి షెడ్డు చూసుకుంటా. ఇన్నాళ్లు నువ్వు చూసినావు, ఇప్పుడు నీ వంతు" అన్నారు ఆయన వెంటనే.

ఆ నెలల్లో నేను ఎలా ఉన్నానో చెప్పడం కష్టం. స్కూల్లో హెడ్మాస్టరుకు మానేస్తానని చెప్పాను. ప్రవేశ పరీక్షకు చదువుకున్నాను, రాశాను, సీటు వచ్చింది. హాస్టలుకు తీసుకుపోవడానికి రెండు చీరలు, ఒక దుప్పటి విడిగా పెట్టుకున్నాను. నలభై దగ్గర పడుతున్న మనిషిని మళ్లీ బెంచీ మీద కూర్చుంటానని మురిసిపోయాను.

కాలేజీ తెరవడానికి కొద్ది రోజుల ముందు కొమరోలు పక్క ఊళ్లో మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు చెయ్యి, కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయింది. మా మామగారు పోయినప్పటి నుంచి ఆమె ఒక్కతే ఆ ఇంట్లో ఉండేది. మా ఆయనకు అన్నదమ్ములు లేరు. ఆమెను మార్కాపురం తెచ్చుకున్నాం. ఆడమనిషికి స్నానం, బట్టలు, మంచం మీది సేవ అన్నీ ఆడమనిషే చేయాలి. మా ఆయన చేస్తానన్నారు, ఒకటి రెండుసార్లు చేశారు కూడా. కొడుకు చేత చేయించుకోలేక ఆమె ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చింది. అది చూశాక ఇంక మాట్లాడుకోవలసిందేమీ లేదు.

నేను ప్రొఫెసరుగారికి ఫోను చేసి, ఈ ఏడు రాలేనని చెప్పాను.

"ఫరవాలేదమ్మా, వచ్చే ఏడు రండి. సీటు ఎక్కడికీ పోదు" అన్నారు ఆయన.

మా ఆయన పట్టా పుచ్చుకుని వచ్చిన వారంలోనే మేము కొమరోలు వైపు వెళ్లాం. సమాధుల దగ్గర మామగారి సమాధి మీద గడ్డి పెరిగి ఉంది. మా ఆయన గడ్డి పీకి, పట్టా తీసుకున్న రోజు గౌను వేసుకుని దిగిన ఫోటో సంచిలోంచి తీసి, సమాధి వైపు తిప్పి కొంచెంసేపు పట్టుకున్నారు.  ఇంటికి వచ్చాక అత్తమ్మకు చూపించారు. ఆమె ఎడమచేత్తో ఫోటో తడిమి, ముద్దగా, "మీ నాయన... ఉంటే..." అంది. మిగతా మాట రాలేదు.

ఆ తర్వాత ఆయన షెడ్డులో తాను చదివింది మొదలుపెట్టారు. ఆయన ఉద్దేశం మంచిదే. కష్టపడి చదివింది జనానికి అందాలని తపన. సంఘానికి ఇంగ్లీషు పేరు పెట్టి బోర్డు రాయించారు. కాలనీని వీధుల లెక్కన గుంపులు చేసి, ఒక్కో గుంపుకు చదువుకున్న కుర్రవాణ్ణి నాయకుడిగా పెట్టారు. ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో వారం వారం రాయాలి. డోలక్ బదులు కీబోర్డు వచ్చింది. ముసలాయనకు కీబోర్డుతో కలిపి పాడటం కుదరలేదు. శ్రుతి అందక ఒకచోట ఆగిపోయేవాడు. ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు. ఆయనే మెల్లగా వెనక్కి జరిగి, గోడకానుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

మా ఆయన ప్రసంగాలు బాగుండేవి. మొదటి అంశం, రెండో అంశం, మూడో అంశం, చివర అన్వయింపు. జనం శ్రద్ధగా వినేవాళ్లు. కానీ ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. పురుగుమందు సంగతి చెప్పిన ఆమె, కూడిక అవగానే చాప చుట్టి ఇంటికి పోయేది. నేను ఆడవాళ్ల కూడిక వరకే పరిమితమయ్యాను. అదీ అత్తమ్మను చూసుకోవడానికి పక్కింటామె వచ్చిన రోజునే. ఏమండీ, వాళ్లను మాట్లాడనివ్వండి అని ఒకసారి చెప్పాను.

"మాట్లాడిస్తా. ముందు సిద్ధాంతం గట్టిపడాల" అన్నారు.

ఆ చలికాలం ముసలాయనకు ఊపిరాడక ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చారు. నేను గంజి పట్టుకుని వెళ్లాను. ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. నన్ను చూసి గొట్టం పక్కకు లాగబోయాడు.

"ఉండనీ తాతా. మాట్లాడొద్దు."

"మీరెందుకు చెప్పడం మానుకున్నారు?" అన్నాడు, గస పెడుతూ.

"అయ్యగారు వచ్చినారు గదా."

"అయ్యగారు వస్తే... మీరు నోరు మూసుకోవాల్నా?"

నేను గంజి చల్లారబెడుతున్నట్టు గిన్నె వైపు చూశాను. ఆయనే మళ్లీ, "అయ్యగారు మంచోడే. మాకు ఆయన చెప్పేది పెద్దదైపోతాండాది, అంతే" అన్నాడు.

ఆయన ఆ గొట్టంతోనే పోయాడు. మా ఆయన సమాధి కార్యక్రమం చక్కగా జరిపించారు. పాట పాడవలసిన చోట కీబోర్డు వాయించే అబ్బాయి పరీక్షలకు పోయి లేడు. ఎవరు ఎత్తుకోవాలో తెలియక అందరూ కాసేపు ఊరికే నిలబడ్డారు. చివరికి మా ఆయనే ఎత్తుకున్నారు. 

మరుసటి ఏడు కాలేజీ తెరిచే సమయానికి అత్తమ్మ ఇంకా మంచం మీదే ఉంది. అయినా రోజూ వచ్చే ఒక మనిషిని కుదుర్చుకుని ఎలాగైనా వెళ్లాలనుకున్నాను. నేను ఫోను చేసేలోపే ప్రొఫెసరుగారు చేశారు.

"ఆ కోర్సు ఆపేశారమ్మా. చేరేవాళ్లు తక్కువయ్యారు, బయటినుంచి వచ్చే సాయం ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడితే మొదటి కబురు మీకే చేస్తాను."

"సరే అండీ" అన్నాను.  పొయ్యి మీద పాలు పొంగుతుంటే వెళ్లి దించాను. ఆ కోర్సు మళ్లీ మొదలుపెట్టలేదు. అత్తమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికింది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను.

శెట్టిగారు పెద్దవారయ్యారు. కొడుకులు షెడ్డు పడగొట్టి ప్లాట్లు వేశారు. ఆయనే మా ఇంటికి వచ్చి చెప్పారు, కాఫీ తాగుతూ తలెత్తకుండా. అప్పటికే జనం చెదిరిపోవడం మొదలైంది. కొందరు పని కోసం ఊరు వదిలారు. కొందరు కొత్తగా వచ్చిన, పెద్ద మైకులున్న ప్రార్థనలకు పోయారు. ఇప్పుడు మా ముందు గదిలో కూర్చునేది కొద్దిమంది, అందులోనూ వయసు మళ్లినవాళ్లే ఎక్కువ. మా ఆయన ఇప్పుడు ప్రసంగాలు తగ్గించారు. "నువ్వు చెప్పు" అంటారు. నేను చెప్తాను. ఇదివరకటిలా అడుగుతాను కూడా. వాళ్లు జవాబు చెప్తారు, కానీ అన్నీ ఒకరికొకరు ఎప్పుడో చెప్పుకున్న సంగతులే.

పోయిన ఏడు కాలేజీలో పాత విద్యార్థుల కూడిక ఉందంటే ఇద్దరం వెళ్లాం. ఆ ఆవరణలో అడుగుపెట్టడం నాకు అదే మొదటిసారి. మా ఆయన తన గది, మెస్సు, లైబ్రరీ చూపించారు. ఆయన క్లాసు జరిగిన గదిలోకి వెళ్తే అక్కడ ఇప్పుడు విరిగిన కుర్చీలు పేర్చి ఉన్నాయి. ఒక బెంచీ మాత్రం కిటికీ పక్కన ఖాళీగా ఉంది. దుమ్ము దులిపి కూర్చున్నాను. ఎదురుగా నల్లబోర్డు. కిటికీలోంచి కొబ్బరిచెట్లు కనిపిస్తున్నాయి.

మా ఆయన గుమ్మంలోనే నిలబడి చూస్తున్నారు. అక్కణ్ణుంచే అన్నారు:

"నేను కాదు, నువ్వు రావాల్సింది ఇక్కడికి."

"ఇద్దరం రావాల్సింది" అన్నాను.

"కాదు. నేను మా నాయన కోసం చదివినా. ఆయనకు జరిగింది సరిచేద్దామని. షెడ్డులో వాళ్ల కోసం చదవలేదు. నువ్వు వాళ్ల కోసం చదివేదానివి."

 చదివి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. నేనూ బోర్డు రాయించి ఉండేదాన్నేమో. ముసలాయన నా ప్రసంగాలకూ వెనక్కి జరిగి ఉండేవాడేమో. అది తెలుసుకునే దారి ఇక లేదు. నాకు బాధంతా అదే. ఆ సంగతి ఆయనతో చెప్పాలనిపించింది, కానీ ఆయన కళ్లు అప్పటికే తడిసి ఉన్నాయి.

"పోదామా? బస్సు టైం అయితాంది" అన్నారు ఆయన, ముఖం తుడుచుకుని.

వినుకొండ దాటాక బస్సు కొంచెం ఖాళీ అయింది. మా ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. త్రిపురాంతకంలో ఒక ఆమె సంచితో ఎక్కి నా పక్కన కూర్చుంది. మార్కాపురం సంతకు పోతోందట. కాసేపు కూరగాయల ధరలు మాట్లాడింది. తర్వాత, "మీరు యాడికి పోయొస్తాండారు అక్కా?" అని అడిగింది.

"కాలేజీకి."

"పిల్లల్ని చేర్పించి వస్తాండారా?"

"లేదమ్మా" అన్నాను. "ఊరికే చూసొస్తాండాం."